నీళ్లకు తెలిసిన వణుకు

మాస్టరు ఒకరితో పోట్లాడి గెలవడం అక్క కళ్లారా చూసింది ఒక్కసారే. అదీ గొంతు పెంచకుండా గెలిచాడు.

గొడవంతా పడవ గురించి. పడవంటే పదిమందిని దాటించేది కాదు. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుంటే నిండిపోయే ప్లాస్టిక్ పడవ. కయాక్ అంటారు దాన్ని. అక్క నోటికి ఆ పేరు తిరగలేదు, తిప్పుకోవాలని ఆవిడా అనుకోలేదు. "తొట్టి" అనేది. మూతబడ్డ బోటింగ్ క్లబ్బు వాళ్లు పాత సామాను వదిలించుకుంటుంటే, ముక్కు పగిలి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన దాన్ని మాస్టరు తోపుడుబండి మీద వేసుకొచ్చాడు. పై వాటాకు ఎక్కించబోతే మెట్ల మలుపులో తిరగలేదు. సరేలే అని మెట్ల కింద గోడకు చేర్చి నిలబెట్టాడు. పొద్దున లేచి చూస్తే ఇంటి ఓనరమ్మ దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా మాస్టరూ, ఇది ఇల్లనుకున్నావా, రేవనుకున్నావా? ఇవాళ పడవ తెచ్చావు, రేపు మొసలిని తెచ్చి కట్టేస్తావా?"

అక్క నోరంటే వీధి వీధంతా హడలు. అలాంటి అక్కే నీళ్ల పంపు దగ్గర ఓనరమ్మతో ఓడిపోయి ఖాళీ బకెట్టుతో మెట్లెక్కిన రోజులున్నాయి. ఇక నోట్లో నాలుక లేని తమ్ముడు ఏం నిలుస్తాడని, తనే కొంగు దోపుకుని దిగబోయింది. మాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తీసేస్తానమ్మా. తాడు కట్టి మేడ మీదికి లాగేస్తాను. నాకేం ఇబ్బంది లేదు."

"మరింకేం, లాగెయ్."

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. గట్టిగా వానొస్తే మన వీధి మునుగుతుంది కదా?"

"మునిగితే?"

"మేం పై వాటా. మాకేం కాదు. కింద ఉండేది మీరు. మీకా మోకాళ్ల నొప్పులు. నీళ్లు గుమ్మం దాటొచ్చిన రోజున పడవ మేడ మీదుంటే మీకు మంచిదా, మెట్ల కిందుంటే మంచిదా? మీరెలా చెబితే అలాగే చేస్తాను."

ఓనరమ్మ గోడకు ఆనించి ఉన్న పడవను పైనుంచి కిందికి, తర్వాత తన మోకాళ్లను ఒకసారి చూసుకుంది. "దుమ్ము పట్టకుండా ఏదైనా కప్పు" అని లోపలికి పోయింది. ఆ తర్వాత దాన్ని తుడిచింది ఆవిడే. పిల్లలెవరైనా చెయ్యి వేస్తే గదిమింది ఆవిడే. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. వీధి మునగలేదని అందరూ ఊపిరి పీల్చుకుంటే ఓనరమ్మ ఒక్కతే మొహం ముడుచుకుంది.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా ఈ నోరు?" అని అడిగింది అక్క.

"నోరు కాదక్కా. మెత్తగా అడిగితే ఎవరూ కాదనలేరు" అన్నాడు మాస్టరు.

మాస్టరంటే బడి మాస్టరు కాదు. యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. అదే షాపులో అక్క కాజాలు కుట్టి, బొత్తాలు వేసేది. ఆవిడకు మొగుడు పోయాడు, ఆయనకు పెళ్లాం పోయింది. అక్కాతమ్ముళ్లు ఆ పై వాటాలో రెండు గదులు సర్దుకుని వయసు మీదికి తెచ్చుకున్నారు. అక్క చదువు కూడబలుక్కుని బోర్డు చదివేంతవరకే. అయినా చొక్కా తిరగేసి లోపలి కుట్టు చూసి, కుట్టినవాడు ఆ పూట పెళ్లాంతో తగువాడాడో లేదో చెప్పేది. తమ్ముడి చేతి మీద మాత్రం ఆవిడ ఎప్పుడూ మాట వెయ్యలేదు. వెయ్యడానికి చోటుండేది కాదు. బల్ల మీద బట్ట పరిచి, సుద్దముక్క పట్టి, ఊపిరి బిగబట్టి చంక గీత ఒక్క ఊపున లాగేవాడు. ఆ గీత మీద కత్తెర పోతుంటే వెన్నలో పోయినట్టుండేది.

మాస్టరుకు ఆ పడవలో కూర్చుని చేపలు పట్టే గాలం పిచ్చి అంటించింది నీళ్ల ఆఫీసు ఇంజినీరొకాయన. కోటు కుట్టించుకోవడానికి వచ్చి కబుర్లలో పడేవాడు. బదిలీ మీద పోతూ, సన్నగా ఊగే పొడవాటి గాలంకర్రను మాస్టరు చేతిలో పెట్టి పోయాడు. పోయే ముందు మేడ మీద విసరడం నేర్పాడు. మొదటి రోజే ముల్లు పోయి అక్క ఆరేసిన దుప్పటికి తగులుకుంది.

"చెరువులో చేపలన్నీ అయిపోయాయా, నా దుప్పటి మీద పడ్డారు ఇద్దరూ?" అని అక్క ఇంజినీరని కూడా చూడకుండా దులిపేసింది.

వానపామును గుచ్చి, బెండు తేలేసి, గట్టున కునికిపాట్లు పడే పని కాదిది. కోడీకలు, ఉన్ని పోగులు, షాపులో ఊడ్చిపారేసే దారపు తుంపులు చేర్చి, మాస్టరు ముల్లుకు చుట్టి ఉత్తుత్తి పురుగును కట్టేవాడు. తూనీగ రెక్కలు రాకముందు నీళ్లలో పాకుతుందే, ఆ పురుగు. చూసినవాళ్లు నిజం పురుగనుకుని చెప్పుతో కొట్టబోయేవాళ్లు. ఊరి చివర నీళ్ల పంపుహౌసు వెనక ఏటి నీళ్లు వెనక్కి తన్ని చిత్తడి చేసిన మడుగులున్నాయి. తుంగ, జమ్ము, గుర్రపుడెక్క, మధ్యమధ్య మోకాలి లోతు నీళ్లు. అక్కడ బంగారుతీగ చేపలు తలకిందులై, బురదలో మూతి పెట్టి వెతుక్కుంటాయి. తోక మాత్రం నీటి పైకి వచ్చి అటూ ఇటూ ఆడుతుంది. పక్కన బురద పొగలా లేస్తుంది. పడవలో కదలకుండా కూర్చుని, ఆ తోకను చూసి, దాని మూతి ఎక్కడుందో లెక్కగట్టి, మూరెడు ముందు ఈకపురుగును వాలనివ్వాలి. చేప దాన్ని గబుక్కున మింగదు. చేదుమాత్రను నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసే పసిపిల్లలా నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. పెట్టుకోవడానికీ ఉమ్మడానికీ మధ్య రెప్పపాటు. ఆ రెప్పపాటులో కర్ర ఎత్తాలి. ఈలోగా పడవ అంచుకు గోరు తగిలినా చాలు, ఒకటి బెదురుతుంది. ఒకటి బెదిరిందంటే మడుగంతా ఖాళీ.

ఇంత చేసి, పట్టిన చేపను ఒకసారి రెండు చేతుల్లో పట్టుకుని చూసి వదిలేసేవాడు. షాపులో అందరూ నవ్వేవాళ్లు.

"వదిలేసేదానికి పట్టడమెందుకు మాస్టరూ?"

"ఊరికే కొలతలు తీసుకుంటున్నానయ్యా. కుట్టించుకుంటాయో లేదో వాటి ఇష్టం."

సెలవు రోజున అక్క కూడా వెంట వెళ్లేది. నీళ్లంటే భయం, దోమలంటే మంట, బురదంటే అసహ్యం. అయినా వెళ్లేది. గట్టున గోనెపట్టా పరుచుకుని, ఒళ్లో చొక్కాలు వేసుకుని కాజాలు కుడుతూ చేపలను, తొట్టిని, తమ్ముణ్ని వరసపెట్టి తిడుతూ ఉండేది. పెళ్లాం పోయాక ఆ మనిషి మొహం మీద వెలుగు కనిపించేది ఆ పూటే. అది చూడ్డానికి వెళ్లేది. ఆ సంగతి ఆయనకు చెప్పేంత చవకబారు మనిషి కాదు అక్క.

అలా ఏళ్లు గడిచాక చేపలు మొహం చాటెయ్యడం మొదలుపెట్టాయి.

తోకలు కనబడతాయి. మాస్టరు తెడ్డు వేసి మెల్లగా దగ్గరికి పోతాడు. కర్ర ఎత్తేలోపే నీళ్లు భళ్లుమంటాయి, బురద మేఘం మిగులుతుంది. మొదట గాలి మారిందన్నాడు. తర్వాత తెడ్డు చప్పుడన్నాడు. కోటు లైనింగు గుడ్డ తెచ్చి తెడ్డుకు చుట్టి, చక్కగా కుట్టు వేశాడు. పడవ అడుగు డొల్లగా మోగుతోందని లోపలంతా ఉన్ని ముక్కలు అంటించాడు. తెల్లచొక్కా మెరుస్తోందేమోనని బురదరంగు బట్ట కొని కొత్త చొక్కా కుట్టుకున్నాడు. సబ్బు వాసనకు పోతున్నాయని సెలవు ముందురోజు నుంచి స్నానం మానేశాడు.

"చేపలు పారిపోవడం ఏమో గానీ, నేను పారిపోయేట్టున్నాను" అంది అక్క.

చివరికి తప్పు అక్క నోటి మీదికి వచ్చింది. "నీ మాటలు నీళ్ల మీద నుంచి పోతున్నాయక్కా. కాసేపు ఊరుకోవూ" అని మెత్తగా అడిగాడు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎవరి కోసమూ చెయ్యని పని ఆ రోజు తమ్ముడి కోసం చేసింది. నోరు మూసుకుని కూర్చుంది.

నోరు మూసుకుంటే కళ్లు పనిచేస్తాయి. గాలి లేదు. జమ్ము కొస కూడా కదలడం లేదు. మడుగు నీళ్లు పరిచిన బట్టలా ఉన్నాయి. మాస్టరు తెడ్డు ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో కర్ర పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. అయినా పడవ చుట్టూ సన్నసన్నటి వలయాలు. ఒకటి పోతుంటే ఇంకొకటి, దాని వెనక మరొకటి, నీళ్లలో ఎవరో చలికి పళ్లు టకటకలాడిస్తున్నట్టు. ఆ వలయాలు పోయి తుంగను తాకుతున్నాయి. తోకలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. మధ్యలో కూర్చుని దూరం చూసే మనిషికి తన కింద నుంచి పోయే అలలు కనబడవు. గట్టున ఉన్నవాళ్లకే కనబడతాయి.

అక్క చేతిలో సూది ఆగిపోయింది. అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఈ మధ్య టీ కప్పు కింద సాసరు వద్దంటున్నాడు. కాలింగ్ బెల్లు నొక్కడానికి ఎడమచెయ్యి ఎత్తుతున్నాడు. మొన్న షాపులో ఒక చొక్కా భుజం పొట్టయితే కత్తెరకు పదును లేదని సానకు పంపాడు. ఆ కత్తెరతో పదేళ్ల పాప కూడా గోనెసంచి కోస్తుంది.

గట్టెక్కాక చెప్పేసింది. తిప్పితిప్పి చెప్పడం ఆవిడకు రాదు.

"ఆడలేక మద్దెల ఓడందిట ఒకావిడ. తెడ్డు కాదు, తొట్టి కాదు, నా నోరూ కాదు. నీ చెయ్యి వణుకుతోందిరా. నీళ్లు చెబుతున్నాయి."

మాస్టరు చెయ్యి చూసుకున్నాడు. చూస్తున్నంతసేపూ అది నిలబడింది. "చూడు, ఎక్కడ?" అన్నాడు. ఆయన కళ్లు తిప్పి తోపుడుబండి తాడు అందుకోగానే బొటనవేలు మళ్లీ మొదలుపెట్టింది, సుద్దపొడిని నలుపుతున్నట్టు.

పెద్దాసుపత్రి డాక్టరు నడిపించి చూసింది, వేళ్లు తట్టించి చూసింది, కాగితం మీద గుండ్రాలు చుట్టమంది. మాస్టరు చుట్టిన సున్నాలు చుట్టుచుట్టుకూ చిన్నవైపోయాయి. మందులు వాడితే కొంత నెమ్మదిస్తుందని, పూర్తిగా పోయే జబ్బు కాదని ఆవిడ దాచకుండా చెప్పింది.

"వయసొచ్చింది కదండీ" అన్నాడు మాస్టరు, డాక్టరునే ఓదారుస్తున్నట్టు.

"మీ వయసుకు తొందరే" అంది ఆవిడ.

షాపు యజమాని మంచివాడే. మంచివాడు కాబట్టే ఆ మాట చెప్పడానికి నెలంతా నీళ్లు నమిలాడు. "మాస్టరూ, మీరింక కత్తెర పట్టొద్దు. కుర్చీ వేయిస్తాను, కూర్చుని కుర్రాళ్లకు చెప్పండి చాలు" అన్నాడు. మాస్టరు రెండు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాడు. మూడో రోజు కత్తెరను గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ కత్తెర వంటగదిలో అరమీదికి చేరింది. దాంతో పాలప్యాకెట్లు కత్తిరించినప్పుడల్లా అక్క దాన్ని తుడిచి మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టేది.

చొక్కా బొత్తాలు పెట్టుకోవడమే ఆయనకు పొద్దున్న పూట పెద్ద పనైపోయింది. సాయం వద్దనేవాడు. తలుపేసుకుని కుస్తీ పట్టి, చెమటతో బయటికొచ్చేవాడు. ఒక రోజు సులువుగా వచ్చేశాడు. గుమ్మంలో ఆగి బొత్తం పట్టుకుని చూశాడు.

"కాజాలు వెడల్పు చేశావా?"

"పాత చొక్కా. సాగి ఉంటాయి."

"కాజా సాగదక్కా" అన్నాడు మాస్టరు. అక్కడితో ఊరుకున్నాడు. మిగతా చొక్కాలకు కూడా చేసెయ్యమని ఆయన అడగలేదు, ఆవిడ చేసేసింది.

ఇంత జరిగినా మడుగు దగ్గర మాత్రం ఆయన ఓటమి ఒప్పుకోలేదు. చొక్కా బొత్తం వేరు, చేప వేరు అన్నాడు. కర్ర పట్టుకుంటే వణుకు ఆగిపోతుందన్నాడు. పంపుహౌసు వాళ్లు ఏదో మందు కలుపుతున్నారని, చేపలు ఏటి పైకి వెళ్లిపోయాయని, నీళ్లు చెడ్డాయని, నెలల తరబడి అదే పాట. ప్రతి సెలవు రోజూ పోవడం, ప్రతిసారీ బురద మేఘాలు చూసి రావడం. వచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడం. అక్క పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. ఈకలడబ్బా మూత తియ్యడం మానేశాడు. ముల్లుకు దారం చుట్టబోయి వేలికి గుచ్చుకున్న గాట్లు మాత్రం మానలేదు.

ఒక పొద్దున మెట్ల కింద పడవ పక్కన కూర్చుని ఆయనే అన్నాడు.

"అక్కా, ఇవాళ నువ్వు కూర్చో ఇందులో."

"నాకు మతి పోయిందా, నీకు పోయిందా?"

"మోకాలి లోతే. నేను గట్టు నుంచి తాడు పట్టుకుంటాను. గాలం వద్దు, ఏమీ వద్దు. ఊరికే కూర్చో. నువ్వు కూర్చున్నా అవి రాకపోతే నీళ్లదే తప్పు. నాకదొక్కటి తెలిస్తే చాలు."

"వస్తే?"

మాస్టరు మెత్తగా చూశాడంతే.

అక్క తొట్టి ఎక్కిన వైభోగం చూసి తీరాల్సిందే. ఒక కాలు లోపల, ఒక కాలు గట్టున, మధ్యలో శాపనార్థాలు. "ఈ వయసులో నన్ను బాతును చేశావు కదరా, నువ్వు బాగుపడవు" అంటూ చతికిలబడింది. మాస్టరు తాడు వదులుతూ పడవను మెల్లగా మడుగులోకి నెట్టాడు. చాలా రోజులకు ఆయన నవ్వడం అక్క చూసింది. ఆ నవ్వు ఉన్నంతసేపూ ఉండనీ అనుకుని, అంచులు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

నీళ్లు సద్దుమణిగాయి. కప్పలు మళ్లీ అందుకున్నాయి. ఎంతసేపో ఏమీ లేదు. రాకండి, రాకండి అని అక్క లోపల్లోపల గొణుక్కుంది. తిట్టడం తప్ప ఒకరిని బతిమాలడం ఆవిడకు అలవాటు లేదు. ఆ పూట చేపలను బతిమాలింది.

పడవకు ఏదో మెత్తగా రాసుకుంది. కళ్లు తెరిచింది. చేతికందే దూరంలో ఒక తోక, అరిటాకు కొసంత, నీళ్ల పైన తీరిగ్గా ఆడుతోంది. దాని పక్కన ఇంకొకటి. అటు గుర్రపుడెక్క అంచున రెండు. బురద పొగలు పొగలుగా లేస్తోంది. ఇత్తడి రంగు వీపొకటి పడవ కింద నుంచి అటు పక్కకు పోయింది, సొంతింట్లో తిరిగినట్టు. అక్కడొక మనిషి ఉందన్న లెక్కే లేదు వాటికి.

తెడ్డు అక్క ఒళ్లోనే ఉంది. ఒక్క దెబ్బ వేస్తే చాలు, మడుగంతా ఖాళీ అయిపోతుంది. తమ్ముడు ఎప్పుడూ చూసే బురద మేఘమే మిగులుతుంది. నీళ్లే చెడ్డాయిరా, నాకూ రాలేదు అని చెప్పొచ్చు. అక్క తెడ్డు ఎత్తింది.

"వద్దక్కా" అన్నాడు మాస్టరు గట్టు మీద నుంచి.

కేక వెయ్యలేదు. నీళ్లకు వినబడకుండా, అక్కకు మాత్రమే వినబడేలా అన్నాడు. ఆయన కళ్లకు వణుకు రాలేదు కదా. ఆవిడ కంటే ముందే అన్నిటినీ చూశాడు.

"నీ ఎడమపక్క చూడు. జమ్ము నీడలో. పెద్దది. ఇప్పుడు మూతి ఎత్తుతుంది చూడు... అదీ." గొంతు బాగానే ఉంది. కుడిచెయ్యి చంకలో గట్టిగా ఇరికించుకుని ఉన్నాడు. అక్కను ఆపే తొందరలో బిగపట్టిన తాడు ఎడమచేతిలోనూ అదురుతోంది. ఆ అదురు తాడు పొడుగునా వచ్చి పడవ ముక్కును తాకింది. ముక్కు దగ్గర సన్నగా ఒక వలయం లేచింది, దాని వెనక మరొకటి. జమ్ము నీడలో పెద్దది మునిగింది. మిగతావి భళ్లుమని పోయాయి.

మాస్టరు చేతిలో తాడును చూసుకున్నాడు. తర్వాత చేపలు లేని మడుగులోంచి అక్కను మెల్లగా లాక్కున్నాడు.

అక్క దిగింది. దిగేటప్పుడు తిట్టలేదు. తిట్టకపోవడం ఇద్దరికీ కష్టంగా ఉంది. తోపుడుబండి మీదికి పడవను ఎత్తబోతే ఆయన ఆపాడు. తెడ్డుకు తను కుట్టిన లైనింగు గుడ్డ కుట్లు విప్పబోయాడు. వేళ్లు కుదరలేదు. అక్క పళ్లతో దారం కొరికి విప్పి పెట్టింది. ఆ గుడ్డతో ఆయన మొహం తుడుచుకున్నాడు.

"నీకూ కనబడ్డాయిగా. ఎంత బాగున్నాయో. నేనొచ్చిన ప్రతిసారీ బెదరగొట్టి పోతున్నాను. ఇన్ని నెలలు" అన్నాడు.

"పోనీలేరా. ఇంటికి పద."

"ఒక్క మాట అడుగుతానక్కా."

"అడుగు."

"నన్ను మళ్లీ ఇక్కడికి రానివ్వకు. నేను అడుగుతాను. వచ్చే సెలవుకే అడుగుతాను. మాత్ర వేసుకున్నాక కాసేపు చెయ్యి నిలబడుతుంది చూశావా, ఆ టైములో అడుగుతాను. గాలి లేదు, నీళ్లు తేటగా ఉంటాయి, ఒక్కసారి చూసొచ్చేద్దాం అంటాను. ఓనరమ్మను అడిగినట్టు మెత్తగా అడుగుతాను. నువ్వు కరిగిపోతావు, నాకు తెలుసు. కరగొద్దు. నీకొచ్చిన తిట్లన్నీ తిట్టు. ఏడిస్తే ఏడవనీ. ఏం చేసినా సరే, అక్కా, నన్ను గెలవనివ్వకు."